సైకిలిచ్చి కొన్న పంది రూపాయి

మా అమ్మ చింతపండు పెట్టి తోమని వస్తువు మా ఇంట్లో లేదు. మంచినీళ్ళ బిందె, తలుపు గొళ్ళెం, తాళంకప్ప, నాన్న గొడుగు పిడి, అన్నీ ఆవిడ చేతికింద నలిగినవే. నేను ఏడో తరగతిలో పరుగుపందెం గెలిస్తే ఇత్తడి కప్పొకటి ఇచ్చారు. దాని మీద నా పేరు, రూతు అని, అందంగా చెక్కించారు. మూడేళ్ళు వరసగా తోమేసరికి పేరు పోయి కప్పు మిగిలింది. నేను ఏడిస్తే, "పేరెక్కడికి పోద్దే, ఎవరు గెలిచారో మనకి తెలుసుగా" అంది. ఆవిడకిప్పుడు ఎనభై ఏడో ఏడు. చూపు తగ్గింది, మోకాళ్ళు మొరాయించాయి, చేతులు మాత్రం ఊరుకోవు. పనిమనిషి కడిగి బోర్లించిన గ్లాసు తీసి వెలుతురుకు పెట్టి చూసి, ఆ పిల్లకి వినపడేలా ఒక నిట్టూర్పు విడుస్తుంది. ఇలాంటి మనిషిని పెళ్ళి చేసుకుని, నలుపెక్కిన పాత నాణేలు పోగుచేసే సరదా పెట్టుకున్నాడు మా నాన్న. దేవుడికి హాస్యం తెలీదని ఎవరన్నారు?

క్రితం నెలలో బీరువా వెనక గోడకి చెదలు పట్టిందని వడ్రంగిని పిలిచి దాన్ని జరిపించాను. కింది అర లాగితే నాన్న పంచెల అడుగున ఆయన నాణేల నోటుబుక్కు, దాని పక్కనే మెత్తటి గుడ్డలో చుట్టిన వెండి రూపాయి బిళ్ళ కనిపించాయి. నాన్న పోయి పన్నెండేళ్ళయింది. మిగతా నాణేలన్నీ ఆయన బతికుండగానే అడిగినవాళ్ళకల్లా పంచేశాడు. ఇదొక్కటే మిగిలింది. చూడగానే గుర్తుపట్టాను. మా ఇంట్లో దాని పేరు సైకిలు రూపాయి. ఏం దొరికిందే అని అమ్మ మంచం మీంచే అడిగింది. చెప్పాను. "ఆ దొంగ రూపాయా? ఇంకా పారెయ్యలేదా మీ నాన్న" అని నవ్వింది. నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నకిలీదని ఇంటిల్లిపాదికీ తెలిసిన రూపాయిని అంత మెత్తటి గుడ్డలో చుట్టి అన్నేళ్ళు ఎందుకు దాచాడో నాకు అంతుపట్టలేదు. నోటుబుక్కు తెరుద్దామంటే అట్టని చెదలు తినేసి పేజీలు అంటుకుపోయి ఉన్నాయి, విరిగిపోతాయని ఎండలో పెట్టి ఊరుకున్నాను.

ఇప్పుడు ఇలాంటివి తేల్చడానికో పద్ధతి వచ్చింది. నాణెం కొరియర్లో పంపితే పట్నంలో ఎక్కడో నిపుణులు కూర్చుని, భూతద్దాలూ మిషన్లూ పెట్టి చూసి, అసలో నకిలీయో చెప్పి, ఎంత చెక్కుచెదరకుండా ఉందో దాన్నిబట్టి డెబ్బైకి ఇన్ని అని మార్కులు వేస్తారు. వేసి, దాన్ని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో శాశ్వతంగా బిగించి, పైన చీటీ అంటించి తిప్పి పంపుతారు. దానికి మనం ఫీజు కట్టాలి. మా పక్కింటమ్మాయి ఇదంతా ఫోన్లో చూపించింది. ఆ ఫోన్లోనే, మీ ఇంట్లో ఈ ఐదు రూపాయల బిళ్ళ ఉంటే లక్షలొస్తాయి అని చెప్పే వీడియోలు కూడా ఉంటాయి. అవి చూసి మా వీధిలో సగంమంది హుండీలు పగలగొట్టుకున్నారు. నాకు లక్షల మీద ఆశ లేదు. రిటైరైన టీచర్ని, పెన్షనొస్తుంది, బి.పి. ఉంది, ఇంకేం కావాలి? ఆ గుడ్డ సంగతి తెలుసుకుందామని పంపాను.

మా నాన్న ప్రభుదాసు మాస్టారు ఎలిమెంటరీ స్కూల్లో లెక్కలు చెప్పేవాడు. ఆయన తండ్రి, అంటే మా తాత, రెడ్డిగూడెం మామిడి తోటల్లో కోసిన కాయల్ని రకాలుగా ఏరి విడదీసే పని చేసేవాడు. నాన్న ఆ కాయల కింద పరిచే గడ్డిలోనే పాకి, ఆ గడ్డిలోనే అక్షరాలు దిద్దుకుని పెరిగాడు. అందుకని నాణేనికి గ్రేడు కట్టాలంటే ఆయనకి మామిడికాయ భాష తప్ప ఇంకోటి వచ్చేది కాదు. గీత చెరగకుండా, చేత్తో కోసి దింపినట్టున్నది కోతకాయ. జేబుల్లో తిరిగి దెబ్బలు తిన్నది రాలుడుకాయ. బొమ్మా అక్షరమూ అరిగిపోయి గుండ్రటి లోహం మాత్రం మిగిలితే అది టెంక. నకిలీది మట్టికాయ. చూడ్డానికి కాయలాగే ఉంటుంది, కొరికితే పళ్ళు రాలతాయని చెప్పేవాడు. వాటిని దాచడం కూడా అలాగే దాచేవాడు, మంచం కింద మామిడిపళ్ళ కోసం పరిచిన వరిగడ్డిలో, కాయల పక్కనే. ఎండాకాలం మేం పండు కోసం చెయ్యి పెడితే ఒక్కోసారి అర్ధణా వచ్చేది. మా ఇంటికొచ్చిన చుట్టాలకి కింద మగ్గుతున్నది పళ్ళో డబ్బులో తెలిసేది కాదు. ఇప్పటికీ రసం పండు వాసనొస్తే నా నాలిక్కి రాగి రుచి తగులుతుంది.

అసలో నకిలీయో తేల్చాల్సొస్తే బస్టాండు దగ్గర ఇత్తడి గిన్నెలకి కళాయి పూసే మస్తాన్ బాబాయి కొట్టుకి వెళ్ళేవాళ్ళం. బాబాయికి చెవే తరాజు. నాణేన్ని రాతి మీద వదిలి, కళ్ళు మూసుకుని వినేవాడు. మంచి వెండి అమ్మా అంటుందట, సీసం కలిసింది అబ్బా అంటుందట. నాకు రెండూ ఠంగుమనే వినపడేవి. నైజాం నాణేల మీద రాతలు కూడా ఆయనే చదివేవాడు. "అక్షరాలు చదవమంటే చదువుతాను మాస్టారూ, అర్థం మాత్రం అడగొద్దు" అని ముందే చెప్పేవాడు. నాన్న కూడా అడక్కుండా, ఆ శబ్దాలే శ్రద్ధగా నోటుబుక్కులో రాసుకునేవాడు. ఒకసారి విస్సన్నపేట నుంచి ఒకడు మా ఇంటికి రాగి బిళ్ళ తెచ్చాడు. దానికి మహత్యం ఉందనీ, బియ్యపుగింజల్ని లాక్కుంటుందనీ ప్రమాణం చేశాడు. పళ్ళెంలో బియ్యం పోసి పైన పెడితే నిజంగానే నాలుగు గింజలు అంటుకున్నాయి. నాన్న నోరు తెరిచాడు. మస్తాన్ బాబాయి భయపడి రెండడుగులు వెనక్కేశాడు. అమ్మ వచ్చి బిళ్ళని వాసన చూసి, బెల్లం పాకం వాసనొస్తోందని చెప్పి, లోపలికి తీసుకెళ్ళి చింతపండు పెట్టి తోమి తెచ్చింది. ఆ తర్వాత గింజ కాదు కదా, నూక కూడా అంటుకోలేదు.

సైకిలు రూపాయి కథ గంపలగూడెంలో మొదలైంది. అక్కడి కంసాలి కరిగించడానికి ఉంచిన పాత వెండిలో నాన్నకి ఒక రూపాయి కనిపించింది. తెల్లదొరల రాజు కొత్తగా గద్దెనెక్కిన ఏడు వేసిన రూపాయి అది. రాజుగారి గొలుసు మీద ఏనుగు బొమ్మ ఉంటుంది. ఆ చెక్కినవాడెవడో తొండం పొట్టిగా చెక్కడంతో అది అచ్చం పందిలాగా కనపడిందట. పందిబొమ్మ ఉన్న డబ్బు మేం ముట్టుకోమని జనం గొడవ చేస్తే సర్కారు వాటిని వెనక్కి తీసుకుని చాలావరకు కరిగించేసిందట. అందుకే మిగిలినవాటిని సరదాగా పోగుచేసేవాళ్ళు కళ్ళకద్దుకుంటారు. ఇదంతా నాన్న ఎక్కడో చదివి ఉన్నాడు. కంసాలి మామూలు వెండి ధర కంటే ఎక్కువ అడిగాడు, ఈయన కళ్ళల్లో ఆత్రం చూసి. నాన్న జేబులో అంత లేదు. సైకిలుంది. సైకిలు అక్కడ వదిలేసి, రూపాయి చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, పత్తిలారీలో బస్తాల మీద పడుకుని ఇంటికొచ్చాడు.

తల మీద పత్తిపోగులతో గుమ్మంలో నిలబడి నవ్వుతున్న నాన్నని చూసి అమ్మ ముందుగా అడిగింది సైకిలు సంగతే. తర్వాత ఎన్నాళ్ళు అడిగిందో నేను చెప్పలేను. స్కూలు ఊరికి ఆ చివరుండేది, నాన్న నడిచి వెళ్ళేవాడు, ఎండలో నడిచి వచ్చేవాడు. చెప్పుల అరుగుదల చూసినప్పుడల్లా అమ్మకి రూపాయి గుర్తొచ్చేది. చర్చిలో ప్రసంగంలో పందుల ఊసొస్తే చాలు, ఆడవాళ్ళ వరసలోంచి మగవాళ్ళ వరసలోకి ఒక చూపు చూసేది. నాన్న తల దించుకుని పాటల పుస్తకంలో పేజీలు తిప్పేవాడు. ఇంట్లోనేమో వచ్చినవాళ్ళందరికీ భూతద్దం చేతికిచ్చి, ఇది ఏనుగా పందా చెప్పమనేవాడు. నకిలీవాడు పాపం జాగ్రత్తగా ఏనుగునే చెక్కుతాడని ఆయన వాదం. పందైతేనే అసలుది. మస్తాన్ బాబాయి రాతి మీద మోగించి, అమ్మా అనే అందన్నాడు. బొమ్మ దగ్గరికొచ్చేసరికి మాత్రం మొహమాటపడ్డాడు. "ఏనుగే మాస్టారూ, కాకపోతే కొంచెం జలుబు చేసి ముక్కు ముడుచుకుంది" అన్నాడు. అమ్మకి ఇది చాలలేదు. తెలిసినవాడు, చదువుకున్నవాడు ఎవరైనా వచ్చి నా ఎదురుగా అసలుదని చెప్పనీండి, ఆ రోజునుంచి సైకిలు మాటెత్తితే అడగండి అంది. నాన్నకి కావలసిందల్లా ఆ ఒక్క మాట. వెండీ వద్దు, విలువా వద్దు, అమ్మ ఎదురుగా ఎవరో ఒకరు అసలుదని అనాలి.

అప్పుడు విజయవాడలో మూర్తిగారని, నాణేల్లో తలపండినాయన ఉన్నాడని తెలిసి నాన్న ఉత్తరం రాశాడు. వేసవి సెలవుల్లో జవాబు కార్డు వచ్చింది. మా ఊళ్ళో పోస్టుమాన్ ఏలియా మామయ్య కార్డు చేతికివ్వకముందే అందులో సంగతి నోటితో చెప్పేసేవాడు, చదువురానివాళ్ళకి చదివి పెట్టి పెట్టి అలవాటైపోయింది. ఈ కార్డులో రెండే ముక్కలున్నాయి. శనివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. ఇట్లు, మూర్తి, కాయిన్ కలెక్టర్, విజయవాడ. మా ఇంటికి రాకముందే ఏలియా మామయ్య దాన్ని టీకొట్టు దగ్గరా, రైస్ మిల్లు దగ్గరా, చర్చి గేటు దగ్గరా చదివేశాడు. మధ్యాహ్నానికల్లా ప్రభుదాసు మాస్టారింటికి కలెక్టరు వస్తున్నాడని తిరువూరంతా తెలిసిపోయింది.

టీకొట్టు దగ్గర దీనిమీద పెద్ద చర్చ జరిగిందని తర్వాత తెలిసింది. కలెక్టరుండేది బందర్లో కదా అని ఒకరు. విజయవాడలో సబ్ కలెక్టరున్నాడుగా అని ఇంకొకరు. సబ్ కలెక్టరు విన్నాం, డిప్యూటీ కలెక్టరు విన్నాం, ఈ కాయిన్ కలెక్టరేంటి, పెద్దా చిన్నా అని మరొకరు. చివరికి కొద్దిగా ఇంగ్లీషొచ్చిన పెద్దమనిషి తేల్చాడు. కాయినంటే బిళ్ళ, దేశంలో చిల్లర దొరక్క జనం చస్తున్నారు కాబట్టి దానిమీద సర్కారు వేసిన స్పెషల్ ఆఫీసరు ఈయన. ఇందులో తప్పు పట్టడానికేముంది? ఆ రోజుల్లో చిల్లర కరువు నిజం. మా వీధి చివర కిరాణా శెట్టిగారు పది పైసలకి పిప్పరమెంటు, పావలాకి అగ్గిపెట్టె ఇచ్చి పంపేవాడు. శుక్రవారం ఉదయం నేను ఉప్పు కొనడానికెళితే, అడక్కుండానే పైసలు లెక్కపెట్టి చేతిలో పోశాడు. పిప్పరమెంట్ల సీసా అసలు కనపడలేదు. బస్తా చిల్లర అటక మీద దాచాడనీ, కాయిన్ కలెక్టరు తనిఖీకి వస్తున్నాడని హడలిపోయాడనీ చెప్పుకున్నారు. శుక్రవారం ఒక్కరోజు తిరువూరులో అందరికీ చిల్లర దొరికింది. అర్జీలు రాసేవాళ్ళకి చేతినిండా పని దొరికింది. మా వీధికి రెండువైపులా ఎవరో సున్నం గీతలు కూడా కొట్టారు.

నాన్న ఇల్లిల్లూ తిరిగి, కాయిన్ కలెక్టరంటే నాణేలు పోగుచేసేవాడయ్యా, నాలాంటివాడు, అని చెప్పబోయాడు. "అంటే తమరూ కలెక్టరేనా మాస్టారూ" అని వాళ్ళు లేచి నిలబడటం మొదలుపెట్టారు. దాంతో నోరు మూసుకున్నాడు. ఆయన చనిపోయేదాకా సగం ఊరు కలెక్టరు మాస్టారనే పిలిచింది.

శనివారం పొద్దున్నే నాన్న ఉతికిన చొక్కా వేసుకుని బస్టాండుకి వెళ్ళాడు. ఆయన అటు మలుపు తిరగ్గానే అమ్మ చీర కుచ్చెళ్ళు దోపి పనిలోకి దిగింది. వచ్చేది కలెక్టరు కాదని ఆవిడకి తెలుసు. అయినా, సూటూ బూటూ వేసుకున్న పెద్దమనిషి ముందు మసిబొగ్గుల్లాంటి బిళ్ళలు పెడితే ఆ ఇంటి ఆడదాన్ని ఏమనుకుంటాడు? మాటలంటే అంది గానీ, నాన్నకి మర్యాద దక్కాలని ఆవిడకంటే ఎవరికెక్కువ ఉంటుంది? మంచం కింద గడ్డిలోంచి నాణేలన్నీ ఏరింది. నన్ను చింతపండు నానబెట్టమంది. నానబెట్టాను. ఇటుకపొడి నూరమంది. నూరాను. ఆ సంగతి ఇక్కడ ఒప్పుకోవడం న్యాయం. అన్నిటికంటే ఎక్కువ సేపు సైకిలు రూపాయి తోమింది. గొలుసు దగ్గర, ఆ జంతువున్నచోట నలుపు మొండిగా పట్టిందని, వేపపుల్ల నలిపి మరీ తోమింది. ఆ పూట అమ్మ పాట పాడుతూ పని చేయడం నాకు బాగా గుర్తు.

బస్టాండులో జరిగింది మస్తాన్ బాబాయి చెప్పగా విన్నాను. బస్సులోంచి బక్కపల్చటి ఖద్దరు మనిషి, చేతిలో గొడుగు, చంకలో సంచితో దిగాడు. దిగీదిగగానే చేతిలో అర్జీలు పడ్డాయి. బోరింగు పంపు చెడిపోయిందని ఒకటి, వితంతు పింఛను రావడం లేదని ఒకటి, పక్కవాడు గట్టు జరిపాడని ఒకటి. శెట్టిగారు దూరంగా నిలబడి దండాలు పెట్టాడు. రెడ్డిగూడెం నుంచి ఒక రైతు ఏం విన్నాడో ఏమో, కలెక్టరు కాయలు కొనే వ్యాపారి వస్తున్నాడని తోతాపురి కాయల గంప దింపాడు. మావైపు తోతాపురిని కలెక్టరు కాయ అనే అంటాం. మూర్తిగారు మర్యాదస్తుడు, ఎవరినీ కాదనలేక ఇచ్చినవన్నీ పుచ్చుకున్నాడు. ఆ అర్జీలన్నీ ఒక కవర్లో పెట్టి బందరు కలెక్టరుకి పోస్టు చేశాడట. వానలు మొదలయ్యేలోపు బోరింగు పంపు బాగుపడింది కూడా.

గంప మోసుకుంటూ నాన్న, అర్జీలు మోసుకుంటూ మూర్తిగారు, వెనక ఓ ముప్పైమందీ మా ఇంటికొచ్చారు. అమ్మ స్టీలు పళ్ళెంలో తెల్లటి గుడ్డ పరిచి నాణేలన్నీ వరసగా పేర్చి తెచ్చి స్టూలు మీద పెట్టింది. కిటికీలోంచి ఎండ వాటిమీద పడి కళ్ళు జిగేల్మన్నాయి. గుమ్మంలో జనం ఆహా అన్నారు. నాన్న గంప దించి, పళ్ళెం వైపు చూసి, సైకిలు రూపాయి తీసి వేలితో తడిమి మళ్ళీ వరసలో పెట్టాడు. తర్వాత, "బాగా మెరుస్తున్నాయి శాంతమ్మా" అన్నాడు. అమ్మ మురిసిపోయింది.

మూర్తిగారికి ఈ ఓర్పు లేదు. "అయ్యయ్యో, ఎవరు తోమారండీ వీటిని?" అన్నాడు. అని, అమాయకంగా వివరించడం మొదలుపెట్టాడు. నాణెం మీద పట్టిన నలుపు దాని వయసనీ, దాని తోలనీ, అది పోతే అసలు నాణెమైనా సరే ఎవడూ గ్రేడు కట్టడనీ, సగానికి సగం ప్రాణం పోయినట్టేననీ చెప్పుకుపోయాడు. ముప్పైమంది ఎదురుగా ఆవిడ మొహం అలా పాలిపోవడం నేను అంతకుముందు చూడలేదు. "ఆ రూపాయి కూడానా అండీ? ఆయన సైకిలిచ్చి కొన్నారు" అని చిన్న గొంతుతో అడిగింది. మూర్తిగారు దాన్ని తీసి కంటికి భూతద్దం బిగించి తిప్పి చూశాడు. ఏదో అనబోయాడు. ఇంతలో నాన్న లేచి, ముందు చేతులు కడుక్కుందురుగాని రండి అని ఆయన్ని పెరట్లోకి తీసుకెళ్ళాడు.

నేను చెంబుతో నీళ్ళు పట్టుకుని వెనకే వెళ్ళాను. వాళ్ళు ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. మూర్తిగారు రూపాయి చూపించి తల అడ్డంగా ఆడిస్తూ ఏదో బాధగా అన్నాడు. నాన్న ఒక్కటే మాట రెండుసార్లు అన్నాడు, ప్లీజ్, ప్లీజ్ అని. మా నాన్న నోట ఆ మాట వినడం అదే మొదలు, అదే ఆఖరు. భోజనానికి ఉండమని బతిమాలుతున్నాడనుకున్నాను. మూర్తిగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, నాన్న భుజం మీద చెయ్యి వేశాడు.

లోపలికొచ్చాక ఆయన అమ్మ ఎదురుగా నిలబడి చెప్పాడు. "అమ్మా, మీరేం బెంగపెట్టుకోకండి. ఈ రూపాయి నకిలీదండి. మీరు తోమినా ఒకటే, తోమకపోయినా ఒకటే." అమ్మ పెద్ద ఊపిరి వదిలి, హమ్మయ్య అంది. ఆ వెంటనే నాన్న వైపు తిరిగింది. ఆ తిరగడం తిరగడం నలభై ఏళ్ళు తిరిగింది. సైకిలిచ్చి దొంగపందిని కొన్న మహానుభావుడని పెళ్ళిళ్ళలో చెప్పింది, చావుల్లో చెప్పింది, నా పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకు తండ్రికి చెప్పింది. నాన్న ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే నవ్వేవాడు. అంత రోషమున్న మనిషి, స్కూల్లో ఇన్‌స్పెక్టరు తప్పు పడితే మూడు రోజులు అన్నం సరిగ్గా తినని మనిషి, ఈ మాట మాత్రం ఎలా మింగేవాడో అని నాకు ఆశ్చర్యంగా ఉండేది. కొన్నిసార్లు ఆయన మీద నాకు చిరాకేసేది కూడా. నాలుగు మాటలు తిరిగి అనొచ్చుగా అనుకునేదాన్ని.

పోయిన బుధవారం కొరియరతను కవరు తెచ్చాడు. అమ్మ కునుకు తీస్తోంది. వరండాలో కూర్చుని విప్పాను. రూపాయి అద్దంలాంటి డబ్బాలో బిగుసుకుని ఉంది. చీటీ మీద నంబరు లేదు. మార్కులుండవలసిన చోట ఇంగ్లీషులో రెండే మాటలు. అసలుది. తోమినది.

లేచి వెళ్ళి నోటుబుక్కు తెచ్చి, ఎండకి విడివడిన పేజీలు ఒక్కొక్కటే తిప్పాను. గంపలగూడెం పంది రూపాయి అన్నచోట నాన్న ముత్యాల్లాంటి అక్షరాల్లో కోతకాయ అని ఉంది. దాని మీద ఒక గీత కొట్టి ఉంది. నకిలీదైతే కింద మట్టికాయ అని రాయాలి. ఆయన అలా రాయలేదు. తోలు తీసిన కాయ అని రాసుకున్నాడు. పెరట్లో ఆ ప్లీజ్ ఎందుకో నాకప్పుడు అర్థమైంది. ఆ ఒక్క మాట కోసం ఉత్తరాలు రాసి, విజయవాడ నుంచి మనిషిని పిలిపించుకుని, తీరా ఆ మాట మూర్తిగారి నోటి దాకా వస్తే, దాన్ని తిరగేసి చెప్పమని బతిమాలుకున్నాడు మా నాన్న. వరండాలో కూర్చుని గట్టిగానే ఏడ్చాను, సిగ్గుపడేదేముంది. ఇప్పుడు ప్లాస్టిక్ డబ్బాలున్నాయి, మిషన్లున్నాయి, డెబ్బై మార్కులున్నాయి. ఈయనకి ఎన్ని మార్కులు వెయ్యాలో చెప్పే కంపెనీ ఉంటే ఎంత ఫీజైనా కట్టేదాన్ని.

నా ఏడుపుకి అమ్మ లేచింది. గోడ పట్టుకుని నడుచుకుంటూ వరండాలోకి వచ్చి, ఏం తేల్చారే అని అడిగింది. చీటీ ఇంగ్లీషులో ఉంది, ఆవిడకి రాదు. చెప్పేద్దామనే నోరు తెరిచాను. ఆవిడ మొహం చూశాను.

"నకిలీదేనమ్మా" అన్నాను.

"నేను చెప్పలా" అంది అమ్మ, పక్కన కుర్చీలో కూలబడుతూ. ఎంత సంతోషమో. డబ్బా చేతిలోకి తీసుకుని ఎండకి పెట్టి చూసింది. "దొంగదాన్ని ఇందులో బిగించారేంటే, చోద్యం కాకపోతే? ఇదిగో, అంచు నల్లబడింది చూడు. పైకి తియ్యి, ఒక్కసారి తోముతాను."

డబ్బా తెరుచుకునేది కాదు. పగలగొడితే చీటీ చెల్లదు, కట్టిన ఫీజు గంగలో కలిసినట్టే. నాన్న ఆడిన అబద్ధాన్ని నేను నిలబెట్టాలంటే ఇంకో దారి లేదు. వంటింట్లోంచి పచ్చడిబండ తెచ్చి, గడప మీద పెట్టి రెండు దెబ్బలు వేశాను. ఫ్రిజ్‌లోంచి చింతపండు తీసి గోరువెచ్చటి నీళ్ళల్లో నానబెట్టాను. అమ్మ గిన్నె ఒళ్ళో పెట్టుకుని, ఎప్పట్లాగే ఆ జంతువున్నచోట ఎక్కువసేపు తోమింది. అక్కడిప్పుడు పందీ లేదు, ఏనుగూ లేదు. కొంగుతో తుడిచి నా కళ్ళ ముందు పెట్టింది.

"ఎలా ఉందే?" అంది.

"బాగా మెరుస్తోందమ్మా" అన్నాను.